సబ్మిట్ నొక్కే ముందు రాయాల్సిన ఒక్క వాక్యం

ఒక సోమవారం పొద్దున మా జర్నల్ ఆఫీసుకి నాలుగు లైన్ల ఈమెయిల్ వచ్చింది. ‘మీరు పోయిన నెల ప్రచురించిన పేపర్లో మూడో ఆథర్‌గా నా పేరుంది. అలాంటి పేపరొకటి ఉందని నాకు నిన్న రాత్రే తెలిసింది. అందులో రెండో గ్రాఫు తప్పు. నేనిప్పుడు ఏం చేయాలి?’ కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఆ నాలుగు లైన్ల లెక్క తేలడానికి మాకు ఏడు నెలలు పట్టింది.

పన్నెండేళ్లుగా నేను ఈ బల్లకి ఇవతల కూర్చుంటున్నాను. అంతకుముందు ఆరేళ్లు అవతల, ల్యాబ్‌లో ఉన్నాను. మా జర్నల్‌కి వచ్చే ప్రతి పేపరూ ఎడిటర్ గారి దగ్గరికి వెళ్లేలోపు నా చేతి మీదుగా వెళుతుంది. సైన్సు గొప్పదా కాదా అని తేల్చేది నేను కాదు. పేర్లు, సంతకాలు, అనుమతులు, బొమ్మలు, సిమిలారిటీ రిపోర్టు (పేపర్లోని మాటలు పాత రచనలతో ఎంత కలుస్తున్నాయో సాఫ్ట్‌వేర్ చెప్పే లెక్క), డబ్బు ఎవరిచ్చారు, ఇవీ నేను చూసేవి. ఇన్నేళ్లలో నాకు తగిలిన పక్కా దొంగలు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. మొహమాటస్తులు మాత్రం కోకొల్లలు. చెప్పాల్సిన ఒక్క వాక్యం ఆ రోజు నోట రాక, ఏడాది తర్వాత పది పేజీల సంజాయిషీ రాసుకున్నవాళ్లే వాళ్లంతా. అందుకే నీతులు చెప్పబోవడం లేదు. ఏ వాక్యం, ఎప్పుడు, ఎవరికి రాయాలో చెబుతాను. మొదటి పేపరు పంపబోతున్నవాళ్ల కోసమే రాస్తున్నా, అనుభవజ్ఞులు చదివినా నష్టం లేదు. పైన చెప్పిన పేపరు పంపినాయనకి అది కనీసం ముప్ఫయ్యోది.

పేర్ల పంచాయితీ

నా దగ్గరికొచ్చే తగాదాల్లో ఎక్కువ భాగం పేర్ల గురించే. ఎవరిది ఉండాలి, ఎవరిది ముందుండాలి, ఎవరిది ఎందుకు లేదు.

1978లో కొందరు వైద్య జర్నళ్ల ఎడిటర్లు వాంకూవర్‌లో కూర్చుని, పేపర్లు ఒకే తీరులో పంపించుకోవడానికి నియమాలు రాసుకున్నారు. ఆ బృందమే ఇవాళ్టి ఐసీఎంజేఈ. ఆథర్ అనిపించుకోవాలంటే వాళ్ల లెక్కలో నాలుగు షరతులు తీరాలి. పని ఆలోచనలోనో, డేటా సేకరణలోనో, విశ్లేషణలోనో చెప్పుకోదగ్గ చెయ్యి ఉండాలి. రాయడంలోనో, రాసినదాన్ని లోతుగా సరిదిద్దడంలోనో పాలుండాలి. ప్రచురణకి వెళ్లే చివరి ప్రతి చూసి సరేననాలి. రేపు తేడా వస్తే జవాబు చెప్పే బాధ్యత ఒప్పుకోవాలి. నాలుగూ తీరాలి. చాలామంది మొదటిదాని దగ్గరే ఆగిపోతారు. ‘శాంపిల్స్ ఆవిడే కొలిచింది, అందుకే పేరు వేశాం’ అంటారు. బాగుంది, మరి డ్రాఫ్టు ఆవిడకి చూపించారా? కొలిచిన మనిషికి డ్రాఫ్టు చదివే అవకాశమే ఇవ్వకుండా రెండో షరతు తీరలేదని పేరు కొట్టేయడం కూడా అన్యాయమేనని అదే నియమావళి చెబుతుంది.

వరస విషయంలో రంగానికో ఆచారం ఉంది. గణితంలో సాధారణంగా అక్షరక్రమం. జీవశాస్త్రంలో మొదటి పేరు ప్రయోగాల పని ఎక్కువగా చేసినవాళ్లది, చివరి పేరు ల్యాబ్ నడిపేవాళ్లది. మీ రంగం ఆచారం మీ సహ ఆథర్లందరికీ తెలుసని మాత్రం అనుకోకండి. వేరే విభాగం నుంచి వచ్చి కలిసి పనిచేసినవాళ్లు చివర్లో తమ పేరు చూసి అలగడం నేను చూశాను.

ఆథర్ల జాబితా ఎంత తేలిగ్గా పెరుగుతుందో చెప్పడానికి ఒక పిల్లి కథ చాలు. 1975లో జాక్ హెదరింగ్టన్ అనే భౌతిక శాస్త్రవేత్త ఒంటరిగా ఒక పేపరు రాసి, అంతటా ‘మేము’ అని టైపు చేశాడు. ఒక్కరే రాసినప్పుడు ఆ జర్నల్ ‘మేము’ ఒప్పుకోదని ఒక సహోద్యోగి చెప్పాడు. టైపు మిషన్ల కాలం, అంతా మళ్లీ కొట్టాలి. దాంతో తన పెంపుడు పిల్లిని రెండో ఆథర్‌గా చేర్చాడు, ఎఫ్.డి.సి. విల్లర్డ్ అని పేరు పెట్టి మరీ. పేపరు ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో వచ్చింది. నవ్వుకోవచ్చు. కానీ పిల్లి పేరు వల్ల ఎవరి ఉద్యోగమూ పోలేదు, ఎవరికీ ప్రమోషనూ రాలేదు. మనుషుల పేర్లతో రెండూ జరుగుతాయి.

నా సలహా ఇది. ప్రయోగాలు మొదలుపెట్టిన వారంలోనే అరపేజీ నోటు రాసి అందరికీ ఈమెయిల్ చేయండి. ‘ఈ పని నుంచి పేపరు వస్తే మొదటి డ్రాఫ్టు ఫలానావారు రాస్తారు, విశ్లేషణ ఫలానావారిది, ఇప్పటికి అనుకున్న వరస ఇది, పని మారితే వరస మళ్లీ మాట్లాడుకుందాం.’ ఆ చివరి ముక్క ముఖ్యం. అది లేకపోతే నోటు శాసనం అయిపోతుంది. ఎవరేం చేశారో రాయడానికి మాటలు దొరక్కపోతే క్రెడిట్ అనే వర్గీకరణ ఉంది. 14 రకాల పాత్రలు అందులో ఉంటాయి: ఆలోచన, సాఫ్ట్‌వేర్, నిధుల సంపాదన, పర్యవేక్షణ, ఇలా. ఒక్కో పేరు ఎదుట పాత్రలు రాసుకుంటూ పొండి. ఎదుట ‘పర్యవేక్షణ’ తప్ప ఏమీ రాయలేని పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఏమీ రాయలేని పేరు ఉంటే ఎక్కువసేపు ఆగండి.

ఇక పెద్దవాళ్లు ‘నా పేరు కూడా పెట్టు’ అన్నప్పుడు? నేను పెట్టాను, అదీ చెబుతాను. ల్యాబ్‌లో ఉన్న రోజుల్లో పక్క విభాగం పెద్దాయన మెషీన్‌ని రెండు రోజులు వాడుకున్నాం. డ్రాఫ్టు పూర్తయ్యాక ఆయన కబురు పంపారు. నోరు తెరిచి కాదనలేకపోయాను. రెండేళ్ల తర్వాత ఒక పాఠకుడు మా పట్టిక మీద సందేహం రాశాడు. జర్నల్ ఆథర్లందరికీ కాపీ పంపింది. మిగతావాళ్లకంటే ముందు ఆయనే జవాబిచ్చారు, తనకూ ఈ పనికీ సంబంధం లేదని, రాతపూర్వకంగా! మరి పేరెందుకుంది అని జర్నల్ అడిగింది నన్ను. కరెస్పాండింగ్ ఆథర్‌ని, అంటే జర్నల్‌తో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపే ఆథర్‌ని, నేనే కదా.

ఇప్పుడు కుర్రాళ్లు అడిగితే ఒక ఉపాయం చెబుతున్నాను. బరువు మీ నెత్తిన పెట్టుకోకండి, జర్నల్ నెత్తిన పెట్టండి. ‘సర్, జర్నల్ వాళ్లు ప్రతి ఆథర్ ఏం చేశారో విడివిడిగా రాసిమ్మంటున్నారు. మీ పేరు ఎదుట ఏం రాయమంటారు?’ అని మర్యాదగా రాసి పంపండి. నిజంగా చేసింది ఉంటే ఆయనే రాస్తారు, మనం మరిచిపోయిందే గుర్తు చేయవచ్చు కూడా. లేకపోతే ‘కృతజ్ఞతల్లో వెయ్యిలే’ అంటారు. అందరూ అంటారని హామీ ఇవ్వను. అనని పెద్దాయన ఉంటే ఆ ఈమెయిలైనా మీ దగ్గర ఉంటుంది. మెషీన్ ఇచ్చినవాళ్లు, భాష దిద్దినవాళ్లు, నిధులు తెచ్చి ఊరుకున్నవాళ్లు కృతజ్ఞతల్లోకి వస్తారు. అక్కడ పేరు వేసే ముందు కూడా వాళ్లని అడగాలి. ఆ పేపరుని వాళ్లు సమర్థిస్తున్నట్టు పాఠకులు అనుకునే ప్రమాదం ఉంది.

పంపాక పేరు చేర్చాలన్నా తీయాలన్నా జాబితాలో ఉన్నవాళ్లందరూ, తీసేస్తున్న మనిషితో సహా, ఒప్పుకుంటున్నట్టు రాసివ్వాలి. ఇది మా ఆఫీసు చాదస్తం అనుకునేరు. ఎడిటర్లకి ఇలాంటి చిక్కుల్లో దారి చూపడానికి 1997లో పుట్టిన కోప్ అనే సంస్థ ఉంది. ఏ ఫిర్యాదుకి ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో వాళ్లు ఫ్లోచార్టులు గీసి పెట్టారు. నా బల్ల మీద అవి ఎప్పుడూ ఉంటాయి. మీరూ ఒకసారి చూడండి. అవతలివాళ్లు ఏం అడగబోతున్నారో ముందే తెలుస్తుంది.

చాట్‌జీపీటీ లాంటివాటిని ఆథర్లుగా వేయకూడదని 2023లోనే కోప్, ఐసీఎంజేఈ రెండూ తేల్చేశాయి. నాలుగో షరతు గుర్తుందిగా, జవాబు చెప్పే బాధ్యత. అది యంత్రం మోయలేదు. వాడితే ఏ పనికి వాడారో ఒక వాక్యం రాయండి. అది ఇచ్చిన రిఫరెన్సులు ఒక్కొక్కటీ తెరిచి చూడండి. లేని పేపర్లని ఉన్నట్టు ఉదహరించిన డ్రాఫ్టులు ఇప్పుడు నా దగ్గరికి తరచూ వస్తున్నాయి.

డేటా దాచుకోండి, దాచకండి

బెల్ ల్యాబ్స్‌లో యాన్ హెండ్రిక్ షోన్ అనే యువ శాస్త్రవేత్త ఉండేవాడు. అణువులతో ట్రాన్సిస్టర్లు చేశానంటూ పేపర్ల మీద పేపర్లు వేశాడు. వేర్వేరు ప్రయోగాలవని చెప్పిన గ్రాఫుల్లో చిల్లర గీతలు, అంటే నాయిస్, అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండటం ఇతరుల కంట పడింది. ఏ రెండు కొలతల్లోనూ నాయిస్ ఒకేలా రాదు. 2002లో విచారణ సంఘం అసలు డేటా అడిగితే, కంప్యూటర్లో చోటు చాలక తీసేశానన్నాడు. ల్యాబ్ నోటుబుక్కులూ సరిగ్గా లేవు. 24 ఆరోపణల్లో 16 నిజమని తేల్చారు.

దీన్నుంచి మీరు నేర్చుకోవాల్సింది మోసం చేయొద్దని కాదు, అది మీకు తెలుసు. నిజాయతీగా పనిచేసిన మనిషి దగ్గర కూడా అసలు ఫైళ్లు లేకపోతే, బయటినుంచి చూసేవాళ్లకి ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. అందుకని ప్రతి బొమ్మకీ ఒక ఫోల్డరు పెట్టండి. మెషీన్ ఇచ్చిన ఫైలు ముట్టుకోకుండా ఒక చోట, దాని మీద మీరు చేసిన పని ఇంకో చోట, ఏం చేశారో నాలుగు ముక్కలు టెక్స్ట్ ఫైల్లో. లెక్కలోంచి ఏదైనా రీడింగు తీసేస్తే ఎందుకు తీశారో ఆ రోజే రాయండి. ‘మూడో శాంపిల్ ట్యూబు పగిలింది’ అని ఆ తేదీన రాసి ఉంటే అది వివరణ. గ్రాఫు నచ్చక తీసేసి రెండేళ్ల తర్వాత అదే మాట చెబితే కట్టుకథలా వినిపిస్తుంది.

ఫొటోల సంగతి ఇంకాస్త చెప్పాలి. మైక్రోస్కోపు చిత్రాలు, జెల్ చిత్రాలు (ప్రోటీన్లనో డీఎన్‌ఏనో విడదీసి గీతలుగా చూపించేవి) పంపేవాళ్లు ఎక్కువగా ఇక్కడే జారతారు. వెలుగు పెంచాలంటే చిత్రం మొత్తానికీ సమంగా పెంచండి. ఒక మూల మచ్చ ఉంటే ఉండనివ్వండి. దాన్ని తుడిచేసిన చోటే మా కన్ను పడుతుంది. రెండు జెల్‌ల ముక్కలు పక్కపక్కన పెడితే మధ్యలో గీత గీసి, కింద ఆ మాట రాయండి. అదే వాక్యం లేకపోతే అతుకు, ఉంటే అమరిక. ఎలిజబెత్ బిక్, మరో ఇద్దరు కలిసి 20,621 పేపర్లలో చిత్రాలు కళ్లతో చూసి, 3.8 శాతం పేపర్లలో అనుచితంగా నకలైన చిత్రాలున్నాయని 2016లో రాశారు. వాటిలో కనీసం సగం కావాలని చేసినట్టు కనిపించాయి. మిగతావి? నా అనుభవంలో ‘ఫైనల్_2’, ‘ఫైనల్_కొత్త’ అని పేర్లు పెట్టుకున్న ఫైళ్ల పుణ్యం.

సహ ఆథర్లకీ ఒక మాట. డేటా చూడకుండా సంతకం పెట్టకండి. 2020 మే నెలలో లాన్సెట్ అనే పేరున్న వైద్య జర్నల్లో కోవిడ్ రోగులకి హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడకం మీద పెద్ద పేపరు వచ్చింది. డేటా సర్జిస్ఫియర్ అనే కంపెనీది. స్వతంత్ర పరిశీలనకి అసలు డేటా ఇవ్వడానికి ఆ కంపెనీ నిరాకరించింది. ఆ కంపెనీ అధిపతి కూడా ఆథరే, ఆయన పోను మిగతా ముగ్గురూ జూన్ 4న పేపర్ని వెనక్కి తీసుకున్నారు, పట్టుమని రెండు వారాలు కాలేదు. ‘డేటా ఒకసారి పంపిస్తారా, చూసి సంతకం పెడతాను’ అన్నది అవమానకరమైన ప్రశ్నేమీ కాదు.

సిమిలారిటీ శాతం చూసి గుండెలు బాదుకోకండి

వారానికి నలుగురైనా అడుగుతారు, ఎంత శాతం దాకా ఫరవాలేదని. ఆ ప్రశ్నకి జవాబు లేదు. ఒకసారి 41 శాతం వచ్చిన పేపర్ని నేనే ముందుకు పంపాను. తెరిచి చూస్తే అందులో చాలా భాగం వాళ్లదే ప్రీప్రింటుతో (జర్నల్‌కి ముందే ఆన్‌లైన్‌లో పెట్టిన ప్రతితో) పోలిక, కొంత రిఫరెన్సుల జాబితా, కొంత అందరూ ఒకేలా రాసే పద్ధతుల వివరణ. మరోసారి 6 శాతం వచ్చింది. ఆ ఆరూ ఒకే చోట, చర్చ భాగంలో, వేరొకరి పేరా మొత్తానికి మొత్తం. అది వెనక్కి వెళ్లింది. శాతం చూసేది సాఫ్ట్‌వేర్. ఏ చోట, ఎవరిది, ఎంత పొడుగు అనేది చూసేది మనిషి.

శాతం తగ్గించడానికి మాటలు మార్చే సాఫ్ట్‌వేర్లకి మాత్రం పేపరు అప్పగించకండి. 2021లో గియోమ్ కబనాక్, ఆయన సహచరులు ఇలాంటి పేపర్లని గుట్టలుగా బయటపెట్టారు. ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ కాస్తా ‘కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్’ అయి కూర్చుంది, అంటే దొంగ స్పృహ అన్నమాట! ‘బిగ్ డేటా’ పోయి ‘కొలోసల్ ఇన్ఫర్మేషన్’ వచ్చింది. చదివినవాడికి నవ్వొస్తుంది, ఆ తర్వాత ఇది ఎవరి కళ్లూ పడకుండా అచ్చుదాకా ఎలా వచ్చిందా అని భయమేస్తుంది.

సాఫ్ట్‌వేర్ పట్టుకోలేనివీ ఉన్నాయి. వేరే భాషలో వచ్చిన పేపర్ని అనువదించి మీదిగా పంపడం చౌర్యమే. ఒకరి ఆలోచనని పూర్తిగా మీ మాటల్లో చెప్పినా మూలం చెప్పాల్సిందే. చదవని పేపర్ని, ఇంకొకరి రిఫరెన్సుల జాబితాలోంచి ఎత్తి ఉదహరించకండి. సంవత్సరం తప్పుతో సహా అదే తప్పు పేపరు తర్వాత పేపరులో నడిచి రావడం నేను సరదాగా లెక్కపెడుతుంటాను.

మీ పాత పేపర్ల నుంచి మీరే ఎత్తుకోవడం కొంచెం తిరకాసు. పద్ధతుల వివరణ మళ్లీ వాడుకోవచ్చు, పాతదాన్ని ఉదహరిస్తే. ఫలితాలు మళ్లీ కొత్తవిగా చూపించకూడదు. ఒకే సర్వేని నాలుగు ముక్కలు కోసి నాలుగు జర్నళ్లకి పంపినవాళ్లున్నారు. ముక్కలు చేయడానికి న్యాయమైన కారణం ఉండొచ్చు, కాదనను. కానీ కవర్ లెటర్లో ఈ వాక్యం ఉండాలి: ‘ఇదే డేటా నుంచి మరో పేపరు ఫలానా జర్నల్ పరిశీలనలో ఉంది, ప్రతి జతచేస్తున్నాను.’ ఆ వాక్యం చూసి మా ఎడిటర్ గారు పేపరు తిప్పి పంపిన రోజు నాకు గుర్తు లేదు. అది లేకుండా తర్వాత బయటపడి తిప్పి పంపినవి బోలెడు.

ఒకసారికి ఒకే జర్నల్

రెండు చోట్లకి ఒకేసారి పంపితే ఎవరికి తెలుస్తుందిలే అనుకుంటారు. పేపర్ని చదివి బాగోగులు చెప్పమని జర్నల్ అడిగే నిపుణులు, అంటే రివ్యూయర్లు, మీ విషయం తెలిసినవాళ్లు ప్రపంచంలో ఎంతమంది ఉంటారు? ఒకే పేపరు రెండు జర్నళ్ల నుంచి ఒకే రివ్యూయర్‌కి ఒకే వారంలో చేరిన సందర్భం మాకు వచ్చింది. ఆయన ఇద్దరు ఎడిటర్లకీ కలిపి ఒకే ఈమెయిల్ రాశారు. రెండు తలుపులూ ఒకేసారి మూసుకున్నాయి. నెలల తరబడి జవాబు రాకపోతే అడగండి, విసిగితే వెనక్కి తీసుకుంటున్నానని రాయండి. వెనక్కి తీసుకున్నట్టు జర్నల్ ధృవీకరించాకే రెండోచోటికి పంపండి.

ఏ జర్నల్ అన్నది మరో ప్రశ్న. డబ్బు అడిగిన ప్రతి జర్నలూ దొంగది కాదు. ఓపెన్ ఆక్సెస్ జర్నళ్లలో, అంటే ఎవరైనా ఉచితంగా చదువుకోగలిగేవాటిలో, చాలావాటికి ప్రచురణ రుసుం ఉంటుంది. అది ఎంతో ముందే వెబ్‌సైట్లో స్పష్టంగా ఉందా అన్నదే చూడాలి. 2013లో జాన్ బొహానన్ అనే విలేకరి సైన్స్ పత్రిక తరఫున, కావాలనే ఘోరమైన తప్పులు పెట్టిన ఒక దొంగ పేపర్ని 304 ఓపెన్ ఆక్సెస్ జర్నళ్లకి పంపాడు. 157 జర్నళ్లు ఒప్పుకున్నాయి. వాటిలో పేరున్న ప్రచురణ సంస్థలవి కూడా ఉన్నాయి. కాబట్టి పేరు చూసి మోసపోకండి, వెబ్‌సైట్ మెరుపు చూసి అసలే మోసపోకండి.

నేనైతే మూడు పనులు చేస్తాను. ఆ జర్నల్లో ఈమధ్య వచ్చిన మూడు పేపర్లు మొదటినుంచి చివరిదాకా చదువుతాను. ఎడిటోరియల్ బోర్డులో ఒకరికి వాళ్ల సంస్థ ఈమెయిల్‌కి రాసి, మీరు నిజంగా ఇందులో ఉన్నారా అని అడుగుతాను. ‘నా పేరు అక్కడుందా!’ అని జవాబొచ్చిన సందర్భాలున్నాయి. ఫలానా ఇండెక్సులో, అంటే ఎంపిక చేసిన జర్నళ్ల జాబితాలో, ఉన్నామని వాళ్లు రాసుకుంటే, వాళ్ల మాట నమ్మకుండా ఆ ఇండెక్సు సైటుకే వెళ్లి ఐఎస్ఎస్ఎన్ అనే జర్నల్ గుర్తింపు నంబరుతో వెతుకుతాను. అసలు జర్నల్ పేరుతో నకిలీ సైటు తెరిచి కూర్చునేవాళ్లు ఉన్నారు కాబట్టి పేరుతో వెతికితే చాలదు. ఓపెన్ ఆక్సెస్ జర్నళ్లకి డీఓఏజే అనే జాబితా 2003 నుంచి ఉంది, అదీ చూడొచ్చు. మూడు రోజుల్లో పీర్ రివ్యూ పూర్తి చేస్తామన్న చోట ఇవేవీ అక్కర్లేదు, కిటికీ మూసేయండి.

పేపరు రాసిచ్చి, పేరు అమ్మే దుకాణాల గురించి ఎక్కువ చెప్పను. 2023 ఒక్క ఏడాదిలో ప్రపంచం మొత్తం మీద 10,000కు పైగా పేపర్లు రిట్రాక్ట్ అయ్యాయి, అంటే అచ్చయ్యాక చెల్లవని ప్రకటించారు. అందులో 8,000కు పైగా ఒకే ప్రచురణ సంస్థ జర్నళ్లవి, చాలావరకు ప్రత్యేక సంచికల దారిలో దూరినవి. అక్కడ పేరు కొనుక్కున్నవాళ్ల డబ్బు ఎవరూ తిరిగివ్వలేదు.

డబ్బూ, మనుషులూ

ఇవి రెండూ చిన్న ఫారాలు. నింపడానికి పావుగంట చాలు. వదిలేస్తే మాత్రం పెద్ద పేపర్లే కూలాయి. ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు 1998లో లాన్సెట్‌లో 12 మంది పిల్లల మీద రాసిన పేపరు తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకి వేసే ఎంఎంఆర్ టీకా వల్ల ఆటిజం వస్తుందన్న లేనిపోని భయాన్ని లేపింది. టీకా కంపెనీల మీద దావా వేయబోతున్న లాయరు నుంచి తనకి డబ్బు ముట్టిందని ఆయన చెప్పలేదు. తప్పు అదొక్కటే కాదు, పిల్లల మీద చేసిన పరీక్షల అనుమతుల గురించీ అబద్ధమే చెప్పాడు. లాన్సెట్ దాన్ని 2010లో రిట్రాక్ట్ చేసింది.

నిధులిచ్చినవాళ్లు, కన్సల్టెన్సీ ఫీజులు, షేర్లు, పేటెంట్లు, ఎడిటోరియల్ బోర్డులో మీ బంధువులు, అన్నీ రాసేయండి. ‘ఇది చెప్పాలా వద్దా’ అన్న సందేహం వచ్చిందంటే చెప్పాల్సిందే అని నా లెక్క. చెప్పినందుకు పేపరు ఆగదు. పాఠకుడు దాన్ని దృష్టిలో పెట్టుకుని చదువుకుంటాడు, అంతే. మనుషుల మీద చేసిన పనికి ఎథిక్స్ కమిటీ అనుమతి నంబరు, తేదీ ఇవ్వండి. ఆ తేదీ పని మొదలైన తేదీ కంటే ముందుండాలి. తర్వాత తెచ్చుకున్న అనుమతికి విలువ లేదు. పరిశోధనలో పాల్గొనడానికి ఇచ్చిన సమ్మతి వేరు, ఫొటోనో గుర్తుపట్టగల వివరమో ప్రచురించడానికి ఇచ్చే సమ్మతి వేరు. కళ్ల మీద నల్లపట్టీ వేస్తే ముఖం దాగదు.

రివ్యూయర్ కుర్చీలో

ఇక్కడ నా తప్పుతోనే మొదలుపెట్టాలి. చేరిన రెండో ఏడు, ఒక ఆథర్ ముగ్గురు రివ్యూయర్లని సూచించాడు. ఇద్దరివి ఉచిత ఈమెయిల్ ఖాతాలు. తొందరలో ఆ ఇద్దరికీ పంపేశాను. మర్నాటికల్లా రెండు రివ్యూలూ వచ్చేశాయి, పొగడ్తలతో. మూడు నెలలకి గానీ రాని రివ్యూలు ఒక్క రోజులో వస్తే అనుమానం రావద్దూ? నాకు సంతోషం వచ్చింది. మా ఎడిటర్ గారు రెండు రివ్యూలూ, ఆథర్ కవర్ లెటరూ పక్కపక్కన పెట్టి, మూడింటిలోనూ ఫుల్‌స్టాపుకి ముందు ఖాళీ ఉండటం వేలుపెట్టి చూపించారు. ఇది మా ఒక్కరికే జరిగిందని నన్ను నేను ఓదార్చుకునే అవకాశం కూడా లేదు. 2014లో సేజ్ అనే ప్రచురణ సంస్థ ఇలాంటి దొంగ రివ్యూల గొలుసు బయటపడి ఒకే జర్నల్ నుంచి 60 పేపర్లు రిట్రాక్ట్ చేసింది.

కాబట్టి రివ్యూయర్లని సూచించేటప్పుడు సంస్థ ఈమెయిలే ఇవ్వండి. ఈమధ్య మీతో పేపర్లు రాసినవాళ్లని, మీ గైడ్‌ని, మీ శిష్యుల్ని సూచించకండి. ఫలానావారికి పంపొద్దని అడిగే హక్కు మీకుంది, కారణం ఒక వాక్యంలో రాయండి.

మీరే రివ్యూయర్ అయితే, పేపరు చదివే ముందే ఆలోచించండి: ఇదే పని నేనూ చేస్తున్నానా, ఈ ఆథర్‌తో నాకు పాత గొడవ ఉందా? ఉంటే ఎడిటర్‌కి రాసి తప్పుకోండి. ఆ పేపరు మీకు నమ్మి ఇచ్చిన రహస్యం. ఏఐ పనిముట్లలోకి ఎక్కించి సారాంశం తీయించుకోవడం కూడా బయటపెట్టడం కిందే వస్తుంది. విద్యార్థి సాయం తీసుకుంటే ఎడిటర్‌ని ముందు అడగండి, రివ్యూలో వాళ్ల పేరు చెప్పండి. రాసింది వాళ్లు, పేరు మీది అయితే మొదట చెప్పిన పేర్ల పంచాయితీ ఇక్కడికీ వచ్చినట్టే.

ఆథర్లు తరచూ అడిగే ఒక చిక్కు: రివ్యూయర్ తన పేపర్లు ఆరు ఉదహరించమన్నారు, ఏం చేయాలి? అవసరమైనవి చేర్చండి. మిగతావాటికి, ‘ఈ నాలుగూ మా విషయానికి నేరుగా సంబంధించినవిగా మాకు అనిపించలేదు, ఎడిటర్ గారి అభిప్రాయం కోరుతున్నాం’ అని రాయండి. భయపడతారు గానీ, ఎడిటర్లు చాలామంది ఆ వాక్యం కోసమే చూస్తుంటారు. రివ్యూయర్‌కి చెప్పడానికి వాళ్లకీ ఒక ఆధారం కావాలి.

తప్పు దొరికాక

దొరుకుతుంది. ఎవరికైనా దొరుకుతుంది. ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ 2018లో రసాయన శాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. 2019లో సైన్స్‌లో వచ్చిన వాళ్ల పేపర్లో ఫలితాలు మళ్లీ రాలేదు, ల్యాబ్ నోటుబుక్కులో కీలకమైన ఎంట్రీలు లేవు. 2020 జనవరి మొదట్లో ఆమె తనే ట్విట్టర్లో ఆ సంగతి చెప్పి, పంపినప్పుడు తన పని తను సరిగ్గా చేయలేదని క్షమాపణ కోరారు. పేపర్ని వెనక్కి తీసుకున్నారు. ఆమె మీద గౌరవం తగ్గినట్టు నాకెక్కడా కనిపించలేదు.

చిన్న తప్పయితే కరెక్షన్ వేస్తారు. ఫలితమే నమ్మలేని స్థితి అయితే రిట్రాక్షన్. విచారణ సాగుతుంటే మధ్యలో ఎడిటర్ ఒక హెచ్చరిక నోటు పెట్టవచ్చు. రిట్రాక్ట్ చేసిన పేపరు సాధారణంగా మాయం కాదు, అడ్డంగా ఆ ముద్రతో అక్కడే ఉంటుంది. ఏది వర్తిస్తుందో మీరు తేల్చక్కర్లేదు. మీరు రాయాల్సిన ఉత్తరంలో ఏ బొమ్మలో, ఏ పట్టికలో తప్పు ఉందో, ఎప్పుడు ఎలా తెలిసిందో, దానివల్ల ముగింపు మారుతుందో లేదో ఉంటే చాలు. ముగింపు మారుతుందో లేదో తెలియకపోతే ఇంకా లెక్కలు చూస్తున్నామని రాయండి. సహ ఆథర్లందరికీ కాపీ పెట్టండి. ఎవరి తప్పో ఆ ఉత్తరంలో తేల్చబోకండి. ఆ తగవు మొదలైతే ఉత్తరం ఎప్పటికీ బయల్దేరదు.

సోమవారం ఈమెయిల్ రాసినావిడ సంగతి చెప్పలేదు కదూ. పేపరు చేరగానే ఆథర్లందరికీ మా వ్యవస్థ నుంచి సమాచారం వెళుతుంది. ఆవిడది మాత్రం మూడేళ్ల కిందట వదిలేసిన సంస్థ అడ్రసు ఇచ్చారు. మోసం ఏమీ లేదు, పాత పేపర్లోంచి కాపీ చేశారంతే. గ్రాఫులో వై అక్షం యూనిట్లు వెయ్యి రెట్లు తేడాగా పడ్డాయి. కొలిచింది ఆవిడే కాబట్టి చూడగానే పట్టేసింది. అసలు ఫైళ్లు ఇద్దరి దగ్గర రెండు రకాలుగా ఉన్నాయి, వాటిని సరిచూడటానికే అయిదు నెలలు పట్టింది. చివరికి కరెక్షన్ వేశాం, గ్రాఫు మార్చాం, ముగింపు నిలబడింది. పేరు ఉంచాలా తీయాలా అని ఆవిడనే అడిగాం. డ్రాఫ్టు పంపమన్నారు. మొత్తం చదివి, పదకొండు చోట్ల దిద్ది, అప్పుడు ఉంచమన్నారు. ఆ దిద్దుబాట్లలో నాలుగు కరెక్షన్లోకి ఎక్కాయి.

అప్పటినుంచి మా ఫారంలో ఒక గడి పెరిగింది. ‘ఈ అడ్రసుకి గత నెల రోజుల్లో మీరు ఈమెయిల్ పంపి, జవాబు అందుకున్నారా?’ అని ప్రతి పేరు ఎదుటా ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేసి పంపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల పేపరు నేను తెరవను.